అలిపిరి చెప్పులు – నా తోలు ఒర

తిరుపతికి వెళ్ళని తెలుగు కుటుంబం వుండదు గాని, వెళ్ళినవాళ్ళలో అలిపిరి దగ్గర నిలబడి నిదానంగా చూసేవాళ్ళు తక్కువ. కాలినడకన కొండెక్కుతామని మొక్కుకున్నవాళ్ళయితే మొదటి మెట్టుకు పసుపూ కుంకుమా అద్ది, కర్పూరం వెలిగించి, గోవిందనామం అందుకుంటారు. ముందు 3550 మెట్లున్నాయి. ఇక కాలు నిలవదు. ఆ మెట్ల మొదట్లోనే పాదాల మండపమని వుంది.  అక్కడ లోహపు పాదుకలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణం చేయడం ఆచారం. ఆడా మగా పిల్లా పెద్దా, సూటూ బూటూ వేసుకునే ఆఫీసర్లు సైతం, చెప్పుల జత నెత్తిన పెట్టుకుని తిరిగే చోటు మన దేశంలో ఎన్ని వుంటాయో నాకు తెలియదు.

దీని వెనుక కథ పాఠకులలో చాలామంది వినే వుంటారు. స్వామి కొండమీద వుంటాడు, అమ్మవారు తిరుచానూరులో వుంటుంది. ఆయన రోజూ రాత్రి కొండ దిగి అమ్మవారి దగ్గరికి నడిచి వెళ్ళి, తెల్లవారేసరికి తిరిగి కొండెక్కుతాడట. అంత నడకకు చెప్పులు నిలుస్తాయా? అరిగిపోతాయి. అప్పుడు మాదిగల్లో ఒకరికి కలలో కనిపించి, చెప్పులు కుట్టమని అడుగుతాడట. ఒక వూళ్ళో ఒకాయన కుడి చెప్పు, మరో వూళ్ళో మరొకాయన ఎడమ చెప్పు, ఒకరికొకరు తెలియకుండా కుట్టి తెస్తే రెండూ సరిజోడుగా కుదిరాయని కూడా చెబుతారు. తెచ్చి పెట్టిన చోటు ఈ పాదాల మండపమే. ఇప్పుడు మనం నెత్తిన పెట్టుకునేవి లోహానివి. కథలోవి మాత్రం తోలువి.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు తోలు సంగతులతో పనేమిటని మీకు తోచవచ్చు. పని పడింది. మా తిరుపతి చిత్తూరు ప్రాంతాల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళున్న వూళ్ళలో ఎండాకాలం పద్దెనిమిది రోజులపాటు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీథినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజూ, మట్టితో చేసిన దుర్యోధనుణ్ణి కొట్టే రోజూ, చివర అగ్నిగుండం తొక్కే రోజూ జనం పట్టరు. ఆ పాటలూ పద్యాలూ సేకరించాలన్న పిచ్చి నాకు కొన్నేళ్ళుగా వుంది. ఒక చేతిలో నోటుపుస్తకం, ఒక చేతిలో గొడుగు లేదా టార్చిలైటు, మరి రికార్డరు పట్టుకునేదెవరు? రొమ్మున కట్టుకునే నైలాను సంచి ఒకటి కొన్నాను. దాని మూత అంటుకునే రకం. ఒక రాత్రి ద్రౌపది జుట్టు విరబోసుకుని సభను నిలదీస్తున్న ఘట్టంలో బ్యాటరీ మార్చాల్సి వచ్చి మూత లాగితే, అది చర్రుమని చేసిన చప్పుడుకు ముందు వరసలో కూర్చున్న ముసలమ్మలందరూ ద్రౌపదిని వదిలి నా వైపు తిరిగారు. దుశ్శాసనుడి వంక కూడా వాళ్ళు అంత కోపంగా చూడలేదు.

మూడోనాడు నేను గోవిందరాజస్వామి గుడి వెనుక వీథుల్లో ఒక వేపచెట్టు కింద కూర్చునే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఎనభైకి అటూ ఇటూ వయస్సు. కళ్ళజోడు కాడ విరిగితే తోలుముక్కతో తనే అతుకు వేసుకున్నాడు. రికార్డరు చేతిలో పెట్టి నా అవసరం చెప్పాను. తిప్పి తిప్పి చూశాడు.

"ఒర మాదిర కుట్టాల్నంటారు. పోలీసోళ్ళకు పిస్తోలు ఒరలు నడుముకు కుట్టిచ్చినా సామీ. రొమ్మున కట్టేది ఇదే మొదులు. మీరేం కాల్చరు గదా?"

కాల్చను, పద్యాలు పట్టుకుంటానని చెప్పాను. నవ్వి, రేపు రమ్మన్నాడు. పాత సినిమాల్లో చొక్కా మీద అడ్డంగా తోలుపట్టీలు వేసుకుని, చంక కింద పిస్తోలు పెట్టుకునే అధికారులను మీరు చూసే వుంటారు. నాకు కావలసింది అటువంటిదే. పిస్తోలు మాత్రం లేదు.

మర్నాడు మొదలుకొని నాలుగు సాయంత్రాలు కాలేజీ నుంచి తిన్నగా ఆ చెట్టు కిందికే వెళ్ళాను. మొదట ఆయన అట్టముక్క మీద రికార్డరును పడుకోబెట్టి పెన్సిలుతో గీత గీశాడు. గీత మీద కత్తిరిస్తే సరిపోదట. వస్తువు మందంలో సగం అటు, సగం ఇటు కలుపుకోవాలి. దానిమీద కుట్టుకు అర అంగుళం. అట్ట నమూనాను మడిచి, రికార్డరును అందులో దూర్చి చూసి, తృప్తిపడ్డాక గాని తోలు బయటికి తియ్యలేదు.

రెండు రకాల తోలు తీశాడు. రెండూ నా కంటికి ఒకటే. ఆయన రెండింటి అంచులనూ రంపెతో కాస్త చెక్కి చూపించాడు. ఒకదాని లోపల నీలి బూడిదరంగు చార కనిపించింది. రెండోది ఈ వైపు నుంచి ఆ వైపు దాకా గోధుమరంగే. నీలి చార వున్నది క్రోము తోలు. మెత్తగా వుంటుంది, నీటికి ఓర్చుకుంటుంది గాని, ఒక రూపానికి వంచితే నిలవదు, మళ్ళీ యథాస్థితికి వచ్చేస్తుంది. గోధుమరంగుది చెక్క తోలు, అంటే చెట్టు బెరడుతో పదును చేసినది. తడిపి వంచితే వంచినట్టే ఎండి, అట్లాగే వుండిపోతుంది. ఒరకు ఇదే తగినది.

ఆ ఎనుము తోలులోనూ అన్ని చోట్లా ఒకటి కాదు. పొట్టవైపు తోలు సాగుతుంది. వెన్నువైపుది సాగదు. భుజాన బరువు మోసే పట్టీలు పొట్ట తోలుతో చేస్తే నెలరోజులకు మోకాళ్ళ దాకా దిగుతాయని పెద్దాయన మాట. అందుచేత వెన్ను వెంబడి పొడుగ్గా నాలుగు వార్లు కోశాడు, ఒక్కొక్కటి ముప్పాతిక అంగుళం వెడల్పు. గాజుపెంకుతో అంచులు గీకి గుండ్రం చేసి, తడిగుడ్డతో రుద్ది నున్నగా తేల్చాడు. ఆ అంచు పని లేకపోతే, చెమట పట్టిన మెడ మీద వారు కత్తిలా కోస్తుంది.

'వారు' అనే మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. వృత్తి అలవాటు. తోలుపట్టీని వారు అంటాం. గౌరవించవలసిన మనిషినీ వారు అంటాం. అర్థాలు వేరు, పుట్టుకలు వేరు, సందేహం లేదు. అయినా తోలుకు వారు అని, తోలు పనిచేసే మనిషికి వాడు అని, మన వూళ్ళలో తరాలపాటు పిలిచాం గదా అనిపించింది. ఈ వ్యాకరణం క్లాసులో చెప్పే అవకాశం నాకు ఇంతదాకా రాలేదు.

ఇక ఒరకు కోసిన తోలును నీళ్ళలో వేశాడు. బుడగలు వచ్చినంతసేపూ వుంచి, బుడగలు ఆగాక తీశాడు. రికార్డరుకు ప్లాస్టిక్ కాగితం రెండు చుట్లు చుట్టి, తడితోలు దానిమీద పరచి, బొటనవేళ్ళతో, కొయ్యబిళ్ళతో నొక్కుతూ పోతూంటే, కుమ్మరి చేతిలో మట్టిలాగా తోలు ఆ యంత్రం రూపు దాల్చింది. మీటల ఎత్తుపల్లాలు కూడా పైకి తెలిశాయి. నీడనే ఆరనిచ్చాడు. ఎండలో పెడితే గట్టిపడి, పెళుసెక్కి పగులుతుందట. ఆ రోజుకు అంతే పని.

కుట్టు చూడడం నాకు అన్నిటికంటే ఇష్టమైంది. ఆరెతో బెజ్జం పొడిచి, మైనం పట్టించిన ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు కట్టి, ఒకే బెజ్జంలోంచి ఒకటి ఇటు, ఒకటి అటు దూర్చి లాగుతాడు. మిషను కుట్టులో ఒక పోగు తెగితే వరసంతా జారిపోతుంది. దీనిలో ఒక చోట తెగినా పక్క కుట్టు తన పట్టు వదలదు. మూతకు అంటుకునే రకం కాకుండా, కన్నంలో దూరే ఇత్తడి బొడిపె పెట్టించుకున్నాను. చప్పుడు లేదు. ద్రౌపది ఇక నిశ్చింతగా ఏడవవచ్చు.

వార్ల అమరిక మాత్రం ఆయనదే. ఒర పై మూలల నుంచి రెండు వార్లు భుజాల మీదుగా వెనక్కి, కింది మూలల నుంచి రెండు చంకల కిందుగా వెనక్కి వెళ్ళి, నాలుగూ వీపు నడుమ ఒక ఇనుప రింగులో కలుస్తాయి. ఒర ఎటూ ఊగదు, వంగితే ముందుకు వేలాడదు. భుజాల వార్లకు చెరొక బకిలు, ఎత్తు సవరించుకోవడానికి. ఎడమ చంక కిందిదానికి ఒకటి, చుట్టుకొలత సవరించుకోవడానికి. వేసుకోవడం, తియ్యడం కూడా ఆ ఎడమదానితోనే. బకిళ్ళన్నీ చెయ్యి అందే చోటే వచ్చేట్టు చూశాడు. రింగు ఇట్టటు నొక్కకుండా దాని కింద మెత్తటి తోలు బిళ్ళ వేశాడు.

కొలత తీసేటప్పుడు, "ఊపిరి నిండుగా పీల్చండి సామీ" అన్నాడు.

పీల్చాను.

"ఇంకా. మెట్లెక్కేటప్పుడు పీల్చినట్లు. ఊరికే నిలబడినప్పుడు కొలిస్తే, కొండకాడ మీ ప్రాణం తీస్తాది ఇది."

నిండు ఊపిరి మీద గుర్తు పెట్టి, అక్కడ మధ్య బెజ్జం, దానికి అటు రెండు, ఇటు రెండు, అంగుళం ఎడంతో పొడిచాడు. అయిదే ఎందుకని అడిగాను. "నడిమిది మీది. ఈ రెండూ మీ బక్క శిష్యులకి. ఆ రెండూ చలికాలం స్వెట్టరు మీదికి." నా వెంట భారతాలకు తిరిగే కుర్రవాడు ఒకడున్నాడని నేను ఆయనకు చెప్పనే లేదు. అయివారన్నాక శిష్యుడు వుంటాడని ఊహ. చివరగా చేతులు పైకెత్తమని, వంగమని, నాలుగడుగులు పరుగెత్తమని పరీక్షలు పెట్టి, ఆముదం రాసి నా చేతికిచ్చాడు. నేను ఇవ్వబోయిన దానికంటే తక్కువే అడిగాడు. నేననుకున్నదే ఇచ్చాను.

ఇంటికి వస్తే ఇల్లాలు ముచ్చటపడింది గాని, మా అత్తగారు పెదవి విరిచారు. వచ్చే శనివారం మేమందరం మెట్లదారిన కొండకు వెళ్ళవలసి వుంది. "తోలు వస్తువు రొమ్మున కట్టుకుని కొండెక్కుతావా నాయనా?" అని ఆవిడ ప్రశ్న. మృదంగం తోలేగదా అన్నాను. మృదంగం వేరన్నారు. ఎట్లా వేరో చెప్పలేదు. ఇంట్లో పెద్దవాళ్ళతో వాదన నిలవదని తెలిసినవాణ్ణి గనుక, వేపచెట్టు కిందికి వెళ్ళి ఈ సంగతే పెద్దాయన ముందు పెట్టాను.

ఆయన చేతిలో పని ఆపలేదు. "మా తాత ఒకసారి స్వామికి చెప్పులు కుట్టినాడంట సామీ. మూరెడు పొడవు. నెత్తిన పెట్టుకొని, తప్పెట్లు కొట్టుకుంటా అలిపిరికి ఎత్తకపోయినారంట. పాదాల మండపం కాడ పెట్టి, ఆడ్నుంచే మొక్కుకొని తిరిగొచ్చేసినాడు. ఆ కాలంలో మావోళ్ళు పైకి పోయేదానికి లేదు గదా. చెప్పులు పోతాయి, కుట్టినోడు పోకూడదు. మా నాయనే నన్ను భుజాన ఎక్కించుకొని మొదులు కొండ సూపించింది."

దీన్ని ఆయన ఫిర్యాదుగా చెప్పలేదు. ఎన్ని బెజ్జాలు పొడవాలో చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఆ మాటలను మాటలుగానే మా అత్తగారికి అప్పజెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. శనివారం పాదుకలు నెత్తిన పెట్టుకుని, ఎప్పుడూ చేసే ప్రదక్షిణానికి మరొకటి ఎక్కువ చేశారు. నా ఒర ప్రసక్తి మళ్ళీ ఎత్తలేదు.

ఆ తోలు ఎక్కడిదని అడిగితే రాణీపేట నుంచి తెప్పించుకుంటానన్నాడు పెద్దాయన. రాణీపేట, ఆంబూరు, వాణియంబాడి ఇప్పుడు తమిళనాడు పట్నాలు. తోళ్ళ పరిశ్రమకు పేరుపడినవి. కాని 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా రాణీపేట, ఆంబూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే, ఆ జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణం. మొదటి ప్రపంచయుద్ధంలో ఆంగ్ల సైనికుల బూట్ల పైభాగాలకు మద్రాసు రాష్ట్రపు తోళ్ళు ఓడల మీద వెళ్ళాయి. ఆ తోలును పదును చేసినది మన తంగేడు చెక్క.

తిరుపతి నుంచి చంద్రగిరి మీదుగా చిత్తూరు రోడ్డు పట్టి చూడండి, ఇరుపక్కలా గట్ల మీద, బీళ్ళలో పచ్చగా పూసి కనిపించేది తంగేడే. పశువు ముట్టదు, కరువుకు చావదు. పూర్వం పల్లెల్లో చెరువు కట్ట కింద లంద వుండేది. తోలును సున్నపునీళ్ళలో నానబెట్టి, వెంట్రుక గీకి, తోలునే సంచిలా కుట్టి, లోపల తంగేడు చెక్కా నీళ్ళూ నింపి, కొయ్యకు వేలాడగట్టేవారు. రసం చెమటలా పైకి ఊరేది. కారినదాన్ని పట్టి మళ్ళీ పోసేవారు. రోజుల తరబడి ఆ పని. ఆ వాసనకే లంద వున్న వైపు వూరు నడిచేది కాదు. కాని ఆ లందలోంచి వచ్చిన తోలు లేనిదే వూరికి తిండి లేదు. ఈ మాట అతిశయోక్తి కాదు, ఎందుకంటే కపిల తోలుది.

నడివయస్సు దాటిన చిత్తూరు రైతుబిడ్డలకు కపిల అంటే చెప్పనక్కరలేదు. పట్నాల పిల్లల కోసం చెబుతాను. బావి గట్టున రెండు రాతికంబాలు, వాటి నడుమ గిలక, దాని మీదుగా మోకు. మోకు చివర పెద్ద బాన. బాన అడుగున ఏనుగు తొండంలాగా పొడుగాటి తోలు గొట్టం. ఎద్దుల జత వాలుబాట మీద దిగువకు నడిస్తే బాన పైకి వస్తుంది. తొండం మడత విప్పుకుని నీళ్ళు కాలువలోకి కక్కుతుంది. ఎద్దులు వెనక్కి నడిస్తే బాన మళ్ళీ బావిలోకి. నదులు తక్కువై, బావుల మీద బతికిన మా సీమలో చెరకూ వరీ ఈ తోలు తొండం గుండానే పండాయి. నిరంతరం తడిసే తోలు కుళ్ళిపోయేది. తొండం చిరిగితే మాదిగవాడకు కబురు. కుట్టినందుకు పంట కళ్ళంలో మేర గింజలు.

ఆ తోలు కుళ్ళకుండా చేయాలన్న ఆలోచనే మన దక్షిణదేశానికి క్రోము పదును తెచ్చిందంటే నమ్ముతారా? మద్రాసులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు 1903లో ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఆయన దృష్టిలో ముఖ్యంగా వున్నది బావి బానలే, నీటికి ఓర్చే తోలు కావాలని. నేను ఒరకు వద్దనుకున్న ఆ నీలిచార తోలు, అట్లా రైతు బావి కోసం వచ్చినదన్నమాట. తరువాత తోలు శాస్త్రానికే జీవితం అంకితం చేసినవాడు మన తెలుగువాడు యలవర్తి నాయుడమ్మ. 1922లో తెనాలి దగ్గర వ్యవసాయ కుటుంబంలో పుట్టి, 1948లో స్థాపించిన మద్రాసులోని కేంద్ర తోళ్ళ పరిశోధనాలయానికి డైరెక్టరయి, 1985లో కనిష్క విమాన ప్రమాదంలో పోయారు.

కరెంటు మోటార్లు వచ్చాక కపిల పోయింది. కపిలతో తొండం, తొండంతో మేర గింజలు. చిత్తూరు దారిలో ఇప్పటికీ అక్కడక్కడ పాడుబడ్డ బావుల మీద జంట రాతికంబాలు నిలబడి వున్నాయి. వాటి మీద కాకులు వాలుతూ వుంటాయి.

ఒర వేసుకుని నేను మొదటగా బయలుదేరింది చిత్తూరు పక్క పల్లెలో భారతానికే. పగలు చిత్తూరులో ఖాళీ దొరికింది. కోర్టుల వైపు నడిచాను. ఇక్కడ 1925 ప్రాంతంలో ఒక విచారణ జరిగింది. స్వామి రోజూ చెప్పులరిగేలా నడిచి వెళ్ళే తిరుచానూరు గుళ్ళోకే, ఒక మాల భక్తుడు దర్శనానికి వెళ్ళాడు. గుడిని అపవిత్రం చేశాడని కేసు పెట్టారు. కింది కోర్టు జుల్మానా వేసింది. చిత్తూరులో అప్పీలు. సహాయ నిరాకరణోద్యమంలో వకీలు వృత్తిని వదిలేసిన రాజాజీ, ఆ నియమాన్ని పక్కకు పెట్టి, ఈ ఒక్కడి కోసం కోర్టులో నిలబడి వాదించారు. అపవిత్రం చేసినట్టు రుజువు కాలేదని శిక్ష కొట్టేశారు. గాంధీగారు తమ పత్రికలో ఈ సంగతి రాశారు. కేసు గెలిచినా గుడి తలుపు తెరుచుకోలేదు. మద్రాసు రాష్ట్రంలో దేవాలయ ప్రవేశాన్ని హక్కుగా చేసే చట్టం రావడానికి 1947 దాకా పట్టింది. పెద్దాయన తండ్రి కొడుకును భుజాన ఎక్కించుకున్నది, లెక్క చూస్తే, ఆ తరువాతి సంవత్సరాలలోనే అయివుండాలి.

ఆ రాత్రి పల్లెలో నాటకం పదిన్నరకు మొదలయి తెల్లవారుఝామున మూడింటికి గాని ముగియలేదు. ఒర నా మెడను ఒరియలేదు, ఊగలేదు, మూత చప్పుడు చేయలేదు. పన్నెండు దాటాక నిద్ర ఆగక మా కుర్రవాడికి తగిలించాను. రెండు బెజ్జాలు బిగిస్తే వాడికి సరిపోయింది. మధ్యలో పలకలు కొట్టేవాళ్ళు చలిమంట దగ్గర పలకలు కాచుకుంటూ కూర్చున్నారు. నిప్పు సెగకు తోలు బిగిస్తే గాని నాదం పలకదు. వాళ్ళలో ఒకతను కుర్రవాడి రొమ్ము మీది వార్లను వేలితో ఎత్తి, తిరగేసి, కుట్టు చూశాడు.

"యాడ కుట్టించినారు ఇది? నా పలకకు వారు తెగి ఏడాదయింది, గోనెతాడు కట్టుకోనుండా. భుజం పుండు పడతాంది."

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనుక వేపచెట్టు గుర్తులు చెప్పాను. నిండు ఊపిరి పీల్చి కొలత ఇమ్మని కూడా చెప్పాను. అతను మరొకసారి వారు వెడల్పును రెండు వేళ్ళతో కొలుచుకుని, పలక భుజాన వేసుకుని లేచాడు. లోపల దుర్యోధనుడి ప్రవేశానికి వేళయింది.